ఇందిరమ్మ ఇంటి దగ్గరికి ఎవరొస్తే మేలు: కార్యదర్శా, ఏఈనా, ఊరి ఇంజినీరా?

తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికిచ్చే 5 లక్షలు ఒకేసారి రావు, నాలుగు విడతల్లో వస్తాయి. బేస్‌మెంట్ పూర్తయితే మొదటి లక్ష. ఎవరో ఒకరు వచ్చి చూసి, ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తేనే బిల్లు కదులుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి మేస్త్రీకి ఇచ్చినవాళ్లకు పది రోజుల ఆలస్యమంటే వెయ్యి రూపాయల వడ్డీ. కూలి మీద బతికే ఇంట్లో అది రెండు మూడు రోజుల కష్టం.

పంచాయతీ కార్యదర్శికి ఊరు తెలుసు, ఇల్లిల్లూ తెలుసు. కానీ పారిశుద్ధ్యం, ఇంటి పన్ను, నర్సరీ, సర్వేలు అన్నీ ఆ ఒక్కరి నెత్తినే. పైగా ఫొటో తీయగలరు గానీ, స్లాబ్ కడ్డీలు సరిగ్గా కట్టారో లేదో చెప్పడం వాళ్లు చదివిన చదువు కాదు.

ఔట్‌సోర్సింగ్ ఏఈలకు, అంటే అసిస్టెంట్ ఇంజినీర్లకు, అది తెలుసు. గత ప్రభుత్వంలో గృహనిర్మాణ శాఖను రోడ్లు భవనాల శాఖలో కలిపి సిబ్బందిని వేరే శాఖలకు పంపేశారు. 2024 మార్చిలో భద్రాచలంలో పథకం మొదలయ్యాక ఇంజినీర్ల కొరత బయటపడింది. కొందరిని వెనక్కి పిలిచి, 2025లో ఔట్‌సోర్సింగ్ కింద ఏఈలను తీసుకున్నారు. త్వరగా మనుషులు కావాలంటే ఇదే దారి, కాదనను. అయితే ఒక్కరే ఎన్నో ఊళ్లు తిరగాలి. గడువు ముగిసి వెళ్లిపోతే నేర్చుకున్న పనీ వాళ్లతోనే పోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్ పోస్టు పెట్టారు, అంటే ఊరి ఇంజినీరు. నా ఓటు దీనికే. కారణం పునాది కొలతలకు ముగ్గు పోసే రోజు. ఇందిరమ్మ ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల లోపే ఉండాలి. ఇంకో గది ఉంటే బాగుంటుందని నాలుగు అడుగులు ఎక్కువ తీస్తే, తర్వాత బిల్లు ఆగి గోడ దగ్గరే ఇల్లు నిలిచిపోతుంది. ముగ్గు దగ్గరే ఇంజినీరు ఉంటే ఆ తప్పు జరగదు. అక్కడా లోపం లేకపోలేదు. ఇంజినీరింగ్ అసిస్టెంట్లతోనూ సర్వేలు చేయిస్తే ఆ పోస్టు ఉండీ లాభం లేదు.

తెలంగాణలో కనీసం రెండు మూడు పంచాయతీలకు ఒక రెగ్యులర్ ఇంజినీరును ఇచ్చి, సర్వేలకు పంపకూడదని ఉత్తర్వు ఇవ్వాలి. అంతవరకు ఏఈలు ముగ్గు రోజు, స్లాబ్ రోజు తప్పకుండా వస్తే చాలు, మిగతా ఫొటోలు కార్యదర్శులు తీయగలరు.