అక్క మోకాళ్ళు, నాలుగు సిటీ హాళ్ళు

మా అక్క ముప్పై రెండేళ్ళు ప్రభుత్వాఫీసులో పనిచేసి రిటైరైంది. అలాంటి మనిషితో "యూరప్‌లో సిటీ హాళ్ళు చూపిస్తాను, రా" అన్నాను. "ఒరేయ్, ఇన్నేళ్ళు ఆఫీసులోనే పడి ఉన్నది చాలక, చేతి డబ్బు పెట్టుకుని మళ్ళీ ఆఫీసులు చూడ్డానికి పోవాలా?" అంది. చివరికి వచ్చింది. వస్తూ ఒక షరతు పెట్టింది: మోకాళ్ళు నొప్పి కాబట్టి మెట్లున్న చోట తొందరపెట్టకూడదు, కూర్చోవడానికి చోటు కనబడితే కూర్చోనివ్వాలి. అలా తొమ్మిది రోజులు మూడు దేశాల్లో నాలుగు సిటీ హాళ్ళని నేను టవర్ల వైపు నుంచీ, ఆవిడ మెట్ల వైపు నుంచీ చూశాం.

జూన్ నెల. మొదట డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్. స్టేషన్ వెనక వీధిలో గది తీసుకున్నాం. ఒక సూట్‌కేసు తెరవాలంటే రెండోది మూసి మంచం కింద తోయాల్సినంత గది. కర్టెన్లు పల్చగా ఉన్నాయి, అక్కడ ఆ నెలలో నాలుగున్నరకల్లా ఎండ వచ్చేస్తుంది. నిద్ర సంగతి చెప్పనక్కర్లేదు. కానీ సిటీ హాల్ నడిచి అయిదారు నిమిషాలే, అందుకని క్షమించేశాం.

కోపెన్‌హాగన్ సిటీ హాల్ 1892లో మొదలుపెట్టి 1905లో ప్రారంభించారు. ఆర్కిటెక్టు మార్టిన్ న్యూరొప్. ఇటలీలోని సియెనా నగరపు పాత పాలనా భవనం చూసి వచ్చిన ఊహ అది, అయితే ఎర్ర ఇటుకతో కట్టిన తీరు మాత్రం పూర్తిగా ఉత్తరాదిది. గుమ్మం పైన ఆ నగరానికి మూలపురుషుడిగా చెప్పుకునే బిషప్ అబ్సలాన్ విగ్రహం బంగారు పూతతో మెరుస్తూ ఉంటుంది. అంత ఠీవిగా ఉంది కదా, లోపలికి వెళ్ళాలంటే టికెట్టూ చీటీ ఏవో అడుగుతారనుకున్నాం. ఎవరూ అడగలేదు. తలుపు తోసుకుని వెళ్ళిపోయాం.

లోపల గాజు కప్పు వేసిన పెద్ద హాలు. ఒక పక్క పెళ్ళి చేసుకుని బయటికొస్తున్న జంట, ఇంకో పక్క ఫైలు పట్టుకుని పరిగెడుతున్న ఉద్యోగి, మధ్యలో మేం. శిల్పి థోర్వాల్సెన్, కథల అండర్సన్, శాస్త్రవేత్త నీల్స్ బోర్ తలవిగ్రహాల వరసలోనే ఆర్కిటెక్టు న్యూరొప్‌దీ పెట్టారు. అక్కకి అది నచ్చింది. "కట్టినవాడి మొహం కట్టిన ఇంట్లోనే పెట్టారంటే మర్యాద తెలిసినవాళ్ళే" అంది.

అక్కడ మిస్సవకూడనిది గుమ్మం దగ్గర పక్కగదిలో ఉన్న ఓల్సెన్ ప్రపంచ గడియారం. యెన్స్ ఓల్సెన్ మొదట తాళాల పని నేర్చి, తర్వాత గడియారాల్లోకి వచ్చిన మనిషి. జీవితంలో సగం ఈ ఒక్క యంత్రం గురించే ఆలోచించాడు. 1945లో ఆయన పోయాడు, గడియారం 1955 డిసెంబరు 15న తిరగడం మొదలుపెట్టింది. 14 వేలకు పైగా విడిభాగాలు. వారానికొకసారి కీ ఇవ్వాలి. అందులో అన్నిటికన్నా నెమ్మదైన చక్రం ఒక చుట్టు తిరగడానికి 25,753 ఏళ్ళు పడుతుంది. అక్క ఆ చక్రం వైపు కాసేపు చూసి, "మా ఆఫీసులో కొన్ని ఫైళ్ళు దీనికంటే నెమ్మదిగా కదిలేవిరా" అంది. పక్కన నిలబడ్డ పెద్దాయన భాష తెలియకపోయినా నవ్వాడు.

టవర్ ఎత్తు 105.6 మీటర్లు. పైకి మెట్లే గతి కాబట్టి వదిలేశాం. దానికి బదులు, నడిచి వెళ్ళే దూరంలోనే క్రిస్టియన్స్‌బోర్గ్ ఉంది. డెన్మార్క్ పార్లమెంటు, ప్రధాని కార్యాలయం, సుప్రీంకోర్టు మూడూ ఒకే కప్పు కింద ఉన్న భవనం. దాని టవర్ 2014 నుంచి జనానికి తెరిచారు, ఉచితం, లిఫ్ట్ ఉంది. భద్రతా తనిఖీ దగ్గర కాస్త వరస ఉంటుంది, అంతే. ఆ టవర్ 106 మీటర్లు, అంటే సిటీ హాల్ టవర్ కంటే 40 సెంటీమీటర్లు ఎక్కువ. ఈ సెంటీమీటర్ల గొడవ మళ్ళీ స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో వస్తుంది.

మూడో రోజు డెన్మార్క్‌లోనే ఉన్న ఆర్హుస్ అనే ఊరి సిటీ హాల్ చూసి వచ్చాం. రైల్లో పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. "ఒక్క బిల్డింగు కోసమా?" అని అక్క దారి పొడుగునా సాధించింది. అసలు కథ ఇది: 1937లో పోటీ పెడితే ఆర్నె యాకబ్సెన్, ఎరిక్ మోలర్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు గెలిచారు. వాళ్ళ డిజైన్‌లో టవర్ లేదు, పాలరాయి లేదు, ఆర్భాటమనేదే లేదు. ఊరి జనం ఒప్పుకోలేదు. టవర్ లేకపోతే అది సిటీ హాల్ ఎలా అవుతుందన్నారు. చివరికి 60 మీటర్ల టవరొకటి చేర్చి, గోడలకి నార్వే నుంచి తెచ్చిన పాలరాయి తొడిగి, 1941లో పూర్తి చేశారు. ఇష్టం లేకుండా పెట్టిన టవర్ అని చూస్తే తెలిసిపోతుంది. పైభాగం చుట్టూ కాంక్రీటు చట్రం ఉంటుంది. "పని అయ్యాక పరంజా విప్పడం మర్చిపోయారేంట్రా?" అని అక్క అడిగింది. నాకు మాత్రం ఆ మొండితనమే నచ్చింది. అడిగారు కాబట్టి ఇచ్చాం, మాకు తోచినట్టు ఇచ్చాం అన్నట్టుంది.

లోపలికి వెళ్ళాక అక్క సాధింపు ఆగిపోయింది. పైనుంచి పడే వెలుతురు, రెండు వైపులా వసారాల్లాంటి అంతస్తులు, ఎక్కడ ఏ గది ఉందో నిలబడిన చోటి నుంచే తెలిసిపోయే అమరిక. కుర్చీలూ బల్లలూ హాన్స్ వెగ్నర్ గీసినవి. కుర్చీల్లో ప్రపంచానికంతా గురువైన ఆయన అప్పటికి ఈ ఆర్కిటెక్టుల దగ్గర పనిచేస్తున్న కుర్రాడు. మెట్ల పక్క చేతిపట్టీ మీద అక్క చెయ్యి పెట్టి రెండుసార్లు నిమిరింది. "చేత్తో పట్టుకునే మనిషి గురించి ఆలోచించి చేశారు" అంది. అంతకు మించి పొగడ్త ఆవిడ నోట నేను వినలేదు. అయినా నిజం చెప్పాలి: కోపెన్‌హాగన్‌లో రెండు రోజులే ఉండేవాళ్ళు ఆరు గంటల ప్రయాణం పెట్టుకోనక్కర్లేదు. భవనాల పిచ్చి ఉన్నవాళ్ళయితే ఒక రాత్రి అక్కడే ఉండండి.

స్టాక్‌హోమ్‌కి రైలు డెన్మార్క్, స్వీడన్‌లని కలిపే ఓరెసుండ్ వంతెన మీదుగా వెళ్తుంది, అయిదు గంటల పైచిలుకు. టికెట్లు ముందుగా తీసుకుంటే చాలా తేడా ఉంటుంది. స్టేషన్ దగ్గర హోటల్లో కిటికీ లేని గది ఇచ్చారు. బుక్ చేసినప్పుడు ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంది, నేను చూడలేదు. అక్క మొహం మాడ్చుకుంది. తెల్లారి లేచి, "ఈ ప్రయాణం మొత్తంలో ఇవాళే నిద్రపోయాను" అంది. జూన్‌లో ఆ దేశాలకి వెళ్ళేవాళ్ళకి నా సలహా: కిటికీ లేని గది దొరికితే వదలకండి.

స్టాక్‌హోమ్ సిటీ హాల్ నీళ్ళ ఒడ్డునే ఉంటుంది. ఆర్కిటెక్టు రాగ్నర్ ఓస్ట్‌బెర్గ్ 1911 నుంచి కట్టి, 1923 జూన్ 23న ప్రారంభించాడు. ఇంచుమించు 80 లక్షల ఇటుకలు. టవర్ 106 మీటర్లు. కోపెన్‌హాగన్ సిటీ హాల్ టవర్ కంటే ఒక్క పిసరు ఎక్కువ ఉండాలనే ఆ లెక్క వేశారని చెప్పుకుంటారు. ఊరు ఊరంతా కలిసి కట్టుకున్న ఇంటికి కూడా పక్కింటివాడి పిట్టగోడ మీదే చూపు!

ఆ టవర్ ఎక్కలేకపోయాం, తప్పు నాదే. వేసవిలోనే తెరుస్తారు, ఒక్కో విడతకి కొద్దిమందినే పంపుతారు. మధ్యాహ్నం తాపీగా వెళ్తే ఇంకేం మిగులుతుంది? సగం దూరం లిఫ్ట్ ఉందిట, దాన్ని తల్చుకుని అక్క రెండు రోజులు నన్ను తిట్టింది. పొద్దున్నే వెళ్ళండి.

లోపల గైడ్‌తో తప్ప తిరగనివ్వరు. ముప్పావు గంట టూర్. మొదట నీలి హాలు, బ్లూ హాల్. అందులో నీలం లేదు. గోడలకి నీలం పూత పూయాలనే అనుకున్నాడు ఓస్ట్‌బెర్గ్. ఇటుకలు చెక్కాక ఆ ఎరుపు చూసి మనసు మార్చుకున్నాడు, పేరు మాత్రం అప్పటికే నిలిచిపోయింది. నోబెల్ విందు జరిగేది ఇక్కడే, దాదాపు 1300 మంది అతిథులు. వాళ్ళు దిగివచ్చే మెట్ల దగ్గర గైడ్ ఒక కథ చెప్పింది. పొడుగు గౌను వేసుకున్నవాళ్ళు తడబడకుండా దిగాలని, ఓస్ట్‌బెర్గ్ తన భార్య చేత పదే పదే ఎక్కించి దింపించి మెట్టు ఎత్తు తేల్చాడట. కథ ఎంత నిజమో గానీ మెట్టు మాత్రం నిజం. ఎత్తు తక్కువ, పాదం మొత్తం పట్టేంత వెడల్పు. అక్క చెయ్యి ఆసరా లేకుండా ఎక్కింది. పైకి వెళ్ళి వెనక్కి తిరిగి చూసి, "నొప్పి తెలియలేదురా" అంది. నాకు ఆ రోజుకి అది చాలు.

పైన బంగారు హాలు. కోటీ 80 లక్షలకు పైగా మొజాయిక్ ముక్కలతో చిత్రకారుడు ఐనార్ ఫోర్సెత్ గోడలన్నీ నింపేశాడు. ఎత్తు లెక్క తప్పడంతో, గుర్రం మీదున్న, ఆ నగరానికి రక్షకుడిగా చెప్పుకునే సెయింట్ ఎరిక్ బొమ్మకి తల పట్టలేదు. కప్పు దగ్గర మెడతో ఆగిపోయాడు పాపం. అంత బంగారంలో జనం అందరూ వెతికి మరీ చూసేది ఆ లేని తలనే. కౌన్సిల్ హాలు కప్పు బోర్లించిన వైకింగ్ పడవలా ఉంటుంది, కింద 101 మంది సభ్యుల కుర్చీలు. అక్కడ ఇంకో పావుగంట ఉండాలనిపించింది, కానీ వెనక ఇంకో గుంపు వచ్చేస్తోంది. కట్టడంగా నాలుగింటిలో ఇదే గొప్పది. కానీ చెయ్యి పట్టుకుని తిప్పి, గుమ్మం దాకా దిగబెట్టి తలుపేసినట్టుంటుంది. బయట నీళ్ళ ఒడ్డు తోటలో మాత్రం ఎంతసేపైనా కూర్చోవచ్చు, కూర్చున్నాం.

నార్వే రాజధాని ఓస్లోకి ప్రయాణం గురించి తక్కువ చెప్పుకుంటే మంచిది. పట్టాల పని జరుగుతోందని మధ్యలో దింపి బస్సెక్కించారు. బస చేసిన అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఫోటోలో కనిపించిన తలుపు లిఫ్ట్‌ది కాదు, చీపుర్లు పెట్టుకునే అరది. అక్క ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయం వేసింది.

మర్నాడు ఓస్లో సిటీ హాల్ చూసేసరికి మాత్రం ఆవిడ కోపం దిగిపోయింది. దూరం నుంచి చూస్తే నాకు పెద్దగా ఆనలేదు. రెండు మొద్దు ఇటుక టవర్లు, 66 మీటర్లదొకటి, 63 మీటర్లదొకటి. పోటీ 1918లో జరిగింది, గెలిచిన ఆర్కిటెక్టులు ఆర్నెబెర్గ్, పౌల్సన్ డిజైన్‌ని మార్చి మార్చి గీశారు. 1931లో పని మొదలైతే మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, 1950 మేలో ప్రారంభమైంది. అన్నేళ్ళలో అభిరుచులే మారిపోయాయి, భవనంలో ఆ రెండు కాలాలూ పక్కపక్కనే కనబడతాయి.

లోపలికి డబ్బు కట్టక్కర్లేదు, గైడ్ అక్కర్లేదు. 1990 నుంచి నోబెల్ శాంతి బహుమతి ఇస్తున్న హాలు అది. రోజూ మామూలు మనుషులు అందులో అడ్డంగా నడిచి పోతూనే ఉంటారు. ఒక గోడంతా హెన్రిక్ సోరెన్సెన్ వేసిన చిత్రం, ఇంకో గోడ మీద ఆల్ఫ్ రోల్ఫ్‌సెన్ గీసిన, ఆ యుద్ధంలో నార్వేని జర్మనీ ఆక్రమించిన రోజులు. అక్క బెంచీ మీద కూర్చుని నలభై నిమిషాలు కదల్లేదు. ఎవరూ వచ్చి "మీకేం కావాలి" అని అడగలేదు. "ఏ పనీ లేకుండా వచ్చినవాళ్ళని కూర్చోనిచ్చే ఆఫీసు ఇప్పటికి చూశాను" అంది.

సముద్రం వైపు గోడ దగ్గర ఆరు విగ్రహాలున్నాయి. రాజులూ మేయర్లూ కాదు, ఈ భవనం కట్టినవాళ్ళకి గుర్తుగా పెట్టిన కార్మికుల బొమ్మలు. అక్క ఒక్కొక్కరి చేతుల్లో పనిముట్లు చూసుకుంటూ వెళ్ళింది. ఇంతలో పైన గంటలు మోగడం మొదలైంది. ఆ టవర్లో 49 గంటలున్నాయి, గంటగంటకీ ఏదో పాట వినిపిస్తాయి. నేను ఫోన్ తీసి టైము చూసి, "అక్కా, ఎయిర్‌పోర్ట్ రైలుకి ఇంకా మూడు గంటలుంది, ఎక్కడికి పోదాం?" అన్నాను.

"మళ్ళీ లోపలికే" అంది.