పైకి తీసుకెళ్లని గైడుకు నాలుగు స్టార్లు

ఈ గైడు సంస్థ మీద ‘డబ్బు కట్టించుకుని కొండ ఎక్కించలేదు’ అని కొందరు రాస్తున్నారు. నిజమే, మమ్మల్నీ ఎక్కించలేదు. నేను స్టార్లు ఇస్తున్నదే అందుకు.

రాత్రంతా మంచు తుపాను. మొదట్లో చలి గట్టిగా ఉండి పొడిమంచు రాలింది. తెల్లవారేసరికి గాలి వెచ్చబడి బరువైన తడిమంచు పడసాగింది, కింది ఎత్తుల్లో వాన మొదలైంది. ఆ రోజు మంచుచరియల ప్రమాద సూచిక అయిదు స్థాయిల్లో నాలుగోది. ‘వెచ్చబడింది కదా, ఎక్కడం ఇంకా సులువు’ అన్నాడు మాలో ఒకాయన. గైడు ఆయనతో వాదన పెట్టుకోలేదు. బస పక్కన, ఏ వాలూ లేని చోట నడుము లోతు గొయ్యి తవ్వి, ఆ గోడను వేళ్లతో నొక్కి చూడమన్నారావిడ. పైన జానెడు మందాన తడిమంచు, అట్టలా బిగిసి ఉంది. దాని కింద వేలు పెడితే మణికట్టు దాకా దిగిపోయింది! అంత బరువు మోసే సత్తువ ఆ కింది పొరకు లేదు. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. మా దారి అలాంటి వాలును అడ్డంగా దాటుతుంది. వాన పైకి పాకితే బరువు ఇంకా పెరుగుతుంది. ప్రయాణం రద్దు అన్నారు, బతిమాలినా వినలేదు.

మిగిలిన పూట ట్రాన్సీవర్లతో, అంటే మంచులో కూరుకుపోయిన మనిషిని రేడియో సంకేతంతో కనిపెట్టే పరికరాలతో, వెతుకులాట నేర్పించారు. అన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఏ కంపెనీదైనా మరో కంపెనీ పరికరాన్ని పట్టుకుంటుంది. వెతికేటప్పుడు ఫోను కనీసం అర మీటరు దూరంలో ఉండాలట. నా జేబులో ఫోను ఉన్నంతసేపూ తెర మీది అంకెలు పిచ్చిపట్టినట్టు గెంతాయి. తీసి పక్కన పెట్టగానే కుదుటపడ్డాయి. ఈ ఒక్క పాఠానికే కట్టిన రుసుము చెల్లు.

ఒక స్టారు కోసింది పారల వల్ల. అద్దెకిచ్చినవి ప్లాస్టిక్‌వి. జారి ఆగిన మంచు నిమిషాల్లో గట్టిపడిపోతుంది, దాని మీద ఇవి వంగుతాయే తప్ప తవ్వవు. కూరుకుపోయిన మనిషికి మొదటి పది, పదిహేను నిమిషాలే ప్రాణం. అంత జాగ్రత్త తెలిసిన సంస్థ అల్యూమినియం పారల దగ్గర పిసినారితనం చూపడం ఏమిటో! రుసుములో సగమే వాపసు వచ్చింది, మిగతాది మరో తేదీకి జమ. ఆ నిబంధన రసీదు వెనక సన్నని అక్షరాల్లో ఉంది, కట్టేముందే చదువుకోండి. పార మాత్రం మీదే తెచ్చుకోండి.