డేటాబేస్ డిలీట్ అయిందని కంగారులో రూట్ పాస్‌వర్డ్ ఇచ్చేయకండి – నాకు జరిగింది చదవండి

విజయవాడలో మాది మందుల హోల్‌సేల్. బిల్లింగ్ అంతా అద్దె సర్వర్ మీద, మైసీక్వెల్ 8 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో. పోయిన నెల 5వ తారీఖు సాయంత్రం మా కుర్రాడు టెస్ట్ డేటాబేస్ తీసేయబోయి అసలుదాన్ని తీసేశాడు. డ్రాప్ డేటాబేస్ అని కొడితే మైసీక్వెల్ మళ్లీ అడగదు, క్షణంలో అయిపోతుంది. వాణ్ణి నేనేమీ అనలేదు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ నడిపే గిట్‌ల్యాబ్ అంతటి కంపెనీలోనే ఒక ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో 300 జీబీ దాకా చెరిపేశాడు. ఆరు గంటల కిందటి కాపీ ఒకటి ఉండబట్టి వాళ్లు బయటపడ్డారు.

మా అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. 11వ తారీఖుకల్లా జీఎస్‌టీఆర్-1, అంటే అమ్మకాల జీఎస్‌టీ రిటర్న్, వేయాలి. ఆ కంగారులో నెట్‌లో వెతికి ఒక డేటా రికవరీ వాళ్లకి ఫోన్ చేశాను. సర్వర్ చూడకముందే "నూటికి నూరు శాతం వచ్చేస్తుంది సార్, రెండు గంటల పని" అన్నారు. మొత్తం 35,000, అందులో 20,000 అడ్వాన్స్ యూపీఐలో వేయించుకున్నారు. బిల్లు అడిగితే పనయ్యాక ఇస్తామన్నారు. సర్వర్ మీద ఏదైనా చేయనిచ్చే రూట్ పాస్‌వర్డ్ అడిగారు, ఇచ్చేశాను.

చెరిపేసిన ఫైలు చాలాసార్లు డిస్క్ మీద కొంతసేపు మిగిలే ఉంటుంది. ఆ చోటు ఖాళీ అని గుర్తు పడుతుందంతే. దాని మీద కొత్తది రాస్తే మాత్రం పాతది పోయినట్టే. వీళ్లు అదే డిస్క్ మీదకి రికవరీ సాఫ్ట్‌వేర్ దింపారు, దొరికిన ముక్కల్ని కూడా అక్కడే దాచారు. చివరికి మైసీక్వెల్ మొరాయిస్తే డేటా ఫోల్డర్‌తో సహా పీకేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు.

మర్నాడు హైదరాబాద్‌లో డీబీఏగా, అంటే డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగం చేసే మా బావమరిదికి చెబితే మొదటి మాటే "బైనరీ లాగులు ఉన్నాయా బావా?" అన్నాడు. మైసీక్వెల్ 8లో మనం ఏమీ మార్చకపోతే ఆ లాగ్ ఆన్‌లోనే ఉంటుందట, డేటాలో జరిగిన ప్రతి మార్పునీ 30 రోజులు దాస్తుందట. మా ఆడిటర్ గారి కోసం 19 రోజుల కిందట తీసిన డంప్, అంటే డేటాబేస్ మొత్తం కాపీ, నా ల్యాప్‌టాప్‌లో ఉంది. అది ఎక్కించి, అప్పటి నుంచి డ్రాప్ కొట్టిన క్షణానికి ముందు వరకు లాగ్ నడిపిస్తే ఒక్క బిల్లు కూడా పోయేది కాదు. పైసా ఖర్చు లేని పని. వెళ్లి చూస్తే ఏముంది, ఆ లాగులుండే ఫోల్డర్‌నే కదా వాళ్లు తుడిచేసింది. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

అదే రోజు సాయంత్రం టేబుల్ పేర్ల స్క్రీన్‌షాట్ పంపి, మిగతా 15,000 వేస్తే ఫైలు ఇస్తామన్నారు. ఆ పేర్లు మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోడ్‌లోనే ఉంటాయి, అదీ ఆ సర్వర్‌లోనే ఉంది, కాబట్టి అవి చూపిస్తే డేటా దొరికినట్టు కాదు. ఒక షాపు పేరు చెప్పి 2వ తారీఖు బిల్లు చూపించమన్నాను. చూపించలేకపోయారు. "ఓవర్‌రైట్ అయిపోయింది సార్, మా తప్పు కాదు" అన్నారు. అడ్వాన్స్ తిరిగి ఇవ్వలేదు, ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు.

మీకు ఇలా జరిగితే ముందు సర్వర్ మీద ఎవరూ ఏమీ చేయకుండా ఆపండి. హోస్టింగ్ వాళ్లకి ఫోన్ చేసి డిస్క్ మొత్తానికి స్నాప్‌షాట్, అంటే ఉన్నదున్నట్టు కాపీ, తీయించండి. బైనరీ లాగులు ఉంటే వేరే మెషిన్‌కి కాపీ చేసుకోండి. రికవరీ వాళ్లని పిలిచినా ఆ కాపీ మీదే పని చేయాలని చెప్పండి. కుదరదంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు కట్టే ముందు మీకు తెలిసిన ఒక బిల్లు అడిగి, లోపలి వివరాలతో సహా చూడండి.

మేము ఆ పాత డంప్ ఎక్కించి, షాపులకి వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లు చూసుకుంటూ, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీతో సహా ముగ్గురం నాలుగు రాత్రులు కూర్చుని 19 రోజుల బిల్లులు మళ్లీ కొట్టాం. రిటర్న్ 11న రాత్రి వేయగలిగాం. ఆ రోజుల్లో నగదుగా ఎవరెంత కట్టారన్నది మాత్రం ఇంకా షాపు షాపుకీ తిరిగి సరిచూసుకుంటున్నాం.