కంపెనీ పాస్‌పోర్ట్ 'సేఫ్ కస్టడీ' : నాలుగేళ్లు వాడాక నా రివ్యూ

రేటింగ్ ఐదుకి ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా ఎందుకంటే నా పాస్‌పోర్ట్ చిరక్కుండా తడవకుండా తిరిగొచ్చింది, అంతవరకు వాళ్ల లాకర్‌ని ఒప్పుకోవాలి.

నేను పనిచేసేది ఖతార్‌లో, కంపెనీ పేరు రాయను. కొత్తగా దిగిన ప్రతి వర్కర్ దగ్గరా పాస్‌పోర్ట్ తీసుకుని ఆఫీసులో పెడతారు, ఫ్రీ ఫెసిలిటీ అంటారు. "క్యాంపులో పోతే మళ్లీ ఎంబసీ చుట్టూ తిరగాలి, మా దగ్గరైతే సేఫ్" అని మందూబ్ (కంపెనీ తరఫున వీసా, ఆఫీసు పనులు చూసేవాడు) చెప్పాడు. రూములో ఎనిమిది మందిమి, తాళం పడే అల్మారా లేదు, కాబట్టి ఆ మాట తప్పనిపించలేదు. ఇప్పటికీ చాలామంది మనోళ్లు ఇష్టంగానే ఇస్తారు, వాళ్లని తప్పు పట్టను.

అసలు గొడవ ఇవ్వడంలో లేదు, ఇచ్చినప్పుడు పెట్టిన సంతకంలో ఉంది. దిగిన రెండో రోజు పది పన్నెండు కాయితాలు ముందు పెట్టారు, ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో చిన్న గుర్తులు, మెడికల్‌కి బస్సు రెడీగా ఉంది త్వరగా త్వరగా అంటున్నారు, నేను ఏదీ చదవలేదు. అందులో ఒకటి "నా పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర ఉంచమని నేనే కోరుతున్నాను" అనే లెటర్, అరబిక్ పక్కన ఇంగ్లిష్. నేను కోరిందెప్పుడు? కానీ సంతకం మాత్రం నాదే.

ఈ లెటర్ ఎందుకు తీసుకుంటారో నాకు మూడేళ్ల తర్వాత తెలిసింది. ఖతార్‌లో 2015 నాటి 21వ నంబర్ చట్టం ఉంది, దాని 8వ ఆర్టికల్ ప్రకారం అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, పని అయిపోగానే కంపెనీ పాస్‌పోర్ట్ వర్కర్ చేతికి ఇచ్చేయాలి. వర్కరే రాతపూర్వకంగా అడిగితే ఉంచుకోవచ్చు, అప్పుడు కూడా తిరిగి అడగ్గానే ఇవ్వాలి. ఇవ్వకపోతే 25,000 రియాళ్ల వరకు జరిమానా. ఇదేం కొత్తగా వచ్చింది కూడా కాదు, అంతకుముందు 2009 చట్టంలోనూ తిరిగివ్వాలనే ఉంది, జరిమానా మాత్రం 10,000 దాకానే ఉండేది. పక్కన యూఏఈలో కూడా 2021 లేబర్ చట్టం వర్కర్ సొంత డాక్యుమెంట్లు పట్టి ఉంచుకోకూడదనే చెప్తుంది. అంటే పాస్‌పోర్ట్ మన దగ్గర ఉండటం కంపెనీ చేసే దయ కాదు, మన హక్కు. ఆ లెటర్ ఉంటేనే వాళ్లు ఉంచుకోవడం లీగల్, అందుకే బస్సు రెడీ అయిన టైంలో సంతకం పెట్టించుకుంటారు.

ఇక సర్వీస్ సంగతి. పోయినేడు ఊర్లో పొలం రిజిస్ట్రేషన్ ఉండి మా అన్న పేరు మీద జీపీఏ (నా తరఫున సంతకం పెట్టే అధికారమిచ్చే కాయితం) పంపాల్సొచ్చింది, ఎంబసీలో అటెస్టేషన్‌కి ఒరిజినల్ పాస్‌పోర్ట్ చూపించాలి. ఒక్క పూట పని. ఆఫీసుకెళ్లి అడిగితే ఫారం నింపమన్నారు, నింపాను. సూపర్‌వైజర్ సంతకం కావాలన్నారు, ఆయన సైట్ మారాడు, వెతికి పట్టుకుని పెట్టించాను. తర్వాత ఇంకో వర్కర్ గ్యారంటీ రాయాలన్నారు, నేను వెనక్కి తెచ్చివ్వకపోతే అతని బాధ్యతట! నా పుస్తకానికి ఇంకొకడి పూచీ ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు, కానీ పాపం మా రూమ్మేట్ రాసిచ్చాడు. అన్నీ ఇచ్చాక కూడా రేపు రండి, ఆదివారం రండి అంటూ పదహారు రోజులు తిప్పారు, అటు మా అన్న రిజిస్ట్రేషన్ డేట్ దాటిపోయింది, ఫోన్‌లో ఏం చెప్పాలో తెలీలేదు.

అప్పుడు మా క్యాంపులో పెద్దాయన ఒకాయన, ఇరవై ఏళ్ల నుంచి గల్ఫ్‌లోనే ఉన్నాడు, "తమ్మీ, అడుక్కోకు, కాయితం రాసియ్యి" అన్నాడు. నాలుగు లైన్లే రాశాను. నేను పాస్‌పోర్ట్ ఉంచమని ఇచ్చిన అనుమతి ఈ రోజుతో వెనక్కి తీసుకుంటున్నాను, 2015 చట్టం 8వ ఆర్టికల్ ప్రకారం తిరిగి ఇవ్వగలరు, కింద డేటు, సంతకం, ఐడీ నంబర్. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు స్టాంపు అడిగాను. స్టాంపు వేయలేదు కానీ మర్నాడు మధ్యాహ్నం పిలిచి పాస్‌పోర్ట్ ఇచ్చేశారు! లేబర్ మినిస్ట్రీ దాకా వెళ్లే పనే పడలేదు.

అల్మారాలోంచి తీసిన అట్టపెట్టె చూశాను, ముప్పై నలభై పాస్‌పోర్టులు రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కట్టలుగా ఉన్నాయి, నా దాని అట్ట మీద నంబర్ స్టిక్కర్. చేతికొచ్చాక తెరిచి చూస్తే ఎక్స్‌పైరీకి నాలుగు నెలలే ఉంది, ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. సేఫ్ అంటే ఇది కూడా చూసుకోవాలి కదా.

ఇంకో మాట, మీ పాస్‌పోర్ట్‌లో జాగ్రత్తలు ప్రింట్ చేసిన పేజీ ఒకటుంటుంది, ఎవరం చదవం. అది భారత ప్రభుత్వ ఆస్తి అనీ, హోల్డర్ దగ్గర గానీ హోల్డర్ అనుమతిచ్చిన మనిషి దగ్గర గానీ ఉండాలనీ అక్కడే ఉంది. మన 1967 పాస్‌పోర్ట్ చట్టంలో కూడా దాన్ని జప్తు చేసే అధికారం పాస్‌పోర్ట్ అథారిటీకి ఉంది, కంపెనీకి ఎక్కడా లేదు.

ఖతార్‌లో 2018లో చాలామందికి, 2020లో ఇళ్లలో పనిచేసేవాళ్లకి కూడా ఎగ్జిట్ పర్మిట్, అంటే దేశం దాటాలంటే కంపెనీ దగ్గర తీసుకోవాల్సిన అనుమతి, తీసేశారు. కానీ పాస్‌పోర్ట్ ఆఫీస్ అల్మారాలో ఉంటే ఫ్లైట్ ఎక్కేదెట్లా, తీసేసిన పర్మిట్ మళ్లీ వాళ్ల చేతిలోనే ఉన్నట్టు కదా. ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) వాళ్లు బలవంతపు చాకిరీకి గుర్తులని పదకొండు చెప్తారు, ఐడీ కాయితాలు పట్టుకోవడం అందులో ఒకటి. మా కంపెనీ అంత దారుణం అని నేననను, జీతం టైముకే వస్తుంది, కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం తప్పే.

కొత్తగా వచ్చేవాళ్లు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, కానీ ఆ లెటర్ చదివి, కాపీ తీసుకుని, ఫోన్‌లో అన్ని పేజీలూ ఫోటో తీసుకుని, ఎక్స్‌పైరీ రాసుకుని ఇవ్వండి. నేనైతే తాళం పడే చిన్న ఇనుప పెట్టె కొనుక్కుని మంచం కాలికి గొలుసుతో కట్టాను, రెన్యూవల్ అయిన కొత్త పాస్‌పోర్ట్ అందులో ఉంది, మొన్న మా రూమ్మేట్ కూడా తనది తెచ్చి అందులోనే పెట్టాడు, రెండో తాళంచెవి అతని దగ్గర.