వైట్ రిమ్ మీద గుంపు రైడ్: నాలుగు సీజన్లు వాడాక మిగిలిన సామాను, ఇంటి దగ్గరే వదిలేసిన సామాను

యూటాలోని కాన్యన్‌లాండ్స్ జాతీయ ఉద్యానంలో ఐలాండ్ ఇన్ ద స్కై అనే పీఠభూమి ఉంది. దాని చుట్టూ, దిగువ అంచు వెంట తిరిగే మట్టి దారే వైట్ రిమ్. పొడవు దాదాపు 100 మైళ్లు, అంటే 160 కి.మీ. 1950లలో యురేనియం వెతకడానికి వేసిన దారి కాబట్టి వెడల్పు బాగానే ఉంటుంది. మట్టి మీద నడిపిన అలవాటున్న మనిషి తేలికైన మోటారు సైకిల్ మీద ఒక్కరోజులో తిరిగి రావచ్చు. అదే దారిలో ఆరుగురు కలిసి దిగితే మాత్రం సూర్యాస్తమయానికి సగం దూరంలోనే ఉంటారు. ఒక బండి ట్యాంకు చిన్నది, ఇంకోదాని చక్రం సైజు వేరు, మూడోవాడు పంపు తేలేదు. గుంపును ఆపేవి ఇలాంటివే. నాలుగు సీజన్లు, వసంతంలోనూ శరత్తులోనూ నలుగురి నుంచి ఆరుగురి గుంపులతో వాడిన సామాను, వేసిన లెక్కలు ఈ కోణంలోంచే చూశాం.

పెట్రోలు లెక్క

మోయాబ్ ఊరు దాటితే దారిలో పెట్రోలు లేదు, తాగునీళ్లూ లేవు. మోయాబ్‌లో నింపి, పీఠభూమి ఎక్కి, చుట్టు తిరిగి మళ్లీ మోయాబ్ చేరేసరికి సుమారు 225 కి.మీ. అవుతుంది. పక్కదారులకు, వెనకబడినవాళ్ల కోసం వెనక్కి వెళ్లడానికి ఇంకో 20 కలుపుకుని 245కి లెక్క వేసుకోవాలి.

కంపెనీ చెప్పే మైలేజీ ఇక్కడ పనికిరాదు. మొదటి, రెండో గేర్లలో ఇసుకలో లాగితే నాలుగోవంతు నుంచి మూడోవంతు దాకా తగ్గుతుంది. హోండా సీఆర్ఎఫ్300ఎల్ ట్యాంకు 7.8 లీటర్లు. ఈ దారిలో లీటరుకు 25 కి.మీ. అనుకుంటే 195 దగ్గర ఆగిపోతుంది. 2 లీటర్లు అదనంగా ఉంటే బొటాబొటిగా సరిపోతుంది, 3 ఉంటే నిశ్చింత. సుజుకి డీఆర్-జెడ్400ఎస్ ట్యాంకు 10 లీటర్లు కాబట్టి నయమే అనిపిస్తుంది కానీ లీటరుకు 18 మాత్రమే వస్తే దానికి ఇంకో 4 లీటర్లు కావాలి. ట్యాంకు పెద్దదని ధైర్యపడి లెక్క వేయనివాళ్లకే ముందు అయిపోతుంది. యమహా టెనెరే 700 (16 లీటర్లు), కవాసాకి కేఎల్ఆర్650 (23 లీటర్లు) ఉన్నవాళ్లకు ఈ బెంగ లేదు.

అదనపు పెట్రోలుకు గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, మెత్తటి పెట్రోలు సంచులు రెండూ వాడాం. సంచులే నిలిచాయి. ఖాళీ అయ్యాక చుట్టేసి పెట్టేయవచ్చు, పడినప్పుడు పగలవు. వాటిలో మూడు లోపాలున్నాయి. ఎండకు ఆవిరి పట్టి బెలూనులా ఉబ్బుతాయి, కాబట్టి ఆగిన ప్రతిచోటా మూత కొద్దిగా వదిలి ఆవిరి పోనివ్వాలి. బ్యాగు బకిల్‌కు రాసుకుంటే ఒకే రోజులో చిల్లు పడుతుంది, అందుకే పాత ట్యూబు ముక్క చుట్టి కట్టాలి. మూడోది మూత లోపలి వాషర్: రెండో సీజన్ చివరికి గట్టిపడి చెమ్మ కారడం మొదలైంది. వాషర్ ఏటా మార్చేయడమే మేలు. సైలెన్సర్ వైపు కట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు.

సంచిలోని పెట్రోలు చివరిదాకా దాచుకోవడం తప్పు. ట్యాంకులో 3 లీటర్ల చోటు ఖాళీ కాగానే పోసేయాలి. బరువు కిందికి దిగుతుంది, కారే ప్రమాదం అక్కడితో తీరిపోతుంది. ఒక ట్యాంకులోంచి పెట్రోలు లాగి ఇంకోదాంట్లో పోయడానికి గుంపుకు ఒక సైఫన్ గొట్టం ఉండాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, పాత బండ్లలోలా ట్యాంకు కింది పెట్రోలు కాక్ దగ్గర పైపు పీకి పట్టుకోవడం కుదరదు. మూతలోంచి దూరేంత సన్నటి గొట్టమేనా అని ఇంట్లోనే పెట్టి చూడండి, కొన్ని ట్యాంకుల మూతి దగ్గర అడ్డురేకు ఉంటుంది.

ఏ వైపు నుంచి తిరగాలి

చాలామంది పీఠభూమి తూర్పు వైపున్న షేఫర్ మలుపుల మీదుగా దిగి గడియారం ముల్లు దిశలో తిరుగుతారు. ఫొటోలకు అది బాగుంటుంది. మేం మాత్రం పడమర వైపు, నది ఒడ్డున ఉన్న మినరల్ బాటమ్ నుంచి మొదలుపెట్టి దానికి ఎదురు దిశలో తిరగడానికే ఓటేస్తాం. కారణం గ్రీన్ నది. వేసవి మొదట్లో మంచు కరిగి నది పొంగితే హార్డ్‌స్క్రాబుల్ అనే చోటు నుంచి మినరల్ బాటమ్ దాకా ఉన్న పల్లపు దారి నీళ్లలో మునగవచ్చు. షేఫర్ నుంచి వస్తే ఆ సంగతి దారి చివర్లో తెలుస్తుంది. అక్కడి నుంచి వచ్చిన దారినే వెనక్కి మళ్లితే మొత్తం దూరం 300 కి.మీ. దగ్గరికి చేరుతుంది, ఏ సంచీ ఆదుకోదు. మినరల్ బాటమ్ వైపు నుంచి దిగితే అనుమానపు చోటు మొదటి గంటల్లోనే, నిండు ట్యాంకుతో ఎదురవుతుంది. ఇసుక మెత్తగా ఉండేదీ ఆ నది ఒడ్డు ముక్కలోనే. పొద్దున్నే ఓపిక ఉన్నప్పుడు దాటేయవచ్చు. 2010 ఆగస్టు వానకు మినరల్ బాటమ్ మలుపుల రోడ్డే కొట్టుకుపోయింది. బయలుదేరే ముందు రోజు ఉద్యానం వాళ్ల రోడ్ల సమాచారం చూడటం తప్పనిసరి.

పర్మిట్ సంగతి: పగటిపూట తిరిగి వచ్చేసినా పర్మిట్ కావాలి. రోజుకు 50 మోటారు బండ్లకు, 50 సైకిళ్లకు మాత్రమే ఇస్తారు. రోడ్డు మీద తిరిగే అర్హత, నంబరు ప్లేటు ఉన్న బండ్లకే ప్రవేశం. రాత్రి బస ముందే బుక్ చేసుకున్న క్యాంపు స్థలాల్లో తప్ప ఎక్కడా కుదరదు. వసంతంలో, శరత్తులో అవి దొరకడం కష్టం కాబట్టి తేదీ ఖాయం చేసుకున్నాకే మనుషులను పోగెయ్యండి.

టైర్లు, ట్యూబులు

ఎక్కువ సమయం తినేది ఇదే. వైట్ రిమ్ మీద ముళ్లు, మేకుల వల్ల వచ్చే పంక్చర్లు తక్కువ. మెట్లు మెట్లుగా ఉండే రాతి అంచులకు టైరు కొట్టుకుని, రిమ్‌కూ రాయికీ మధ్య ట్యూబు నలిగి తెగేవే ఎక్కువ. ట్యూబు మీద రెండు గాట్లు పక్కపక్కనే కనిపిస్తే అది నలిగిన పంక్చరే. దానికి ప్యాచ్ నమ్మకంగా నిలవదు. కొత్త ట్యూబు వేసి, పాతది క్యాంపులో తీరిగ్గా అతికించుకోవాలి.

మామూలు ట్యూబు, 3 మి.మీ. మందం ట్యూబు, 4 మి.మీ. మందం ట్యూబు మూడూ వాడి చూశాం. మామూలుది ఈ రాళ్లకు ఆగదు. 4 మి.మీ. ది బాగా ఆగుతుంది కానీ బరువు ఎక్కువ, దారి పక్కన టైరు లివర్లతో ఎక్కించడం చేతులకు శిక్ష. చక్రాల్లో 3 మి.మీ. వేసి, స్పేరుగా మామూలు ట్యూబు పెట్టుకోవడం సరైన రాజీ. స్పేరు సంచిలో సగం చోటు కలిసొస్తుంది.

గుంపుకు అసలు లాభం చక్రాల సైజు కలవడంలో ఉంది. సీఆర్ఎఫ్300ఎల్, డీఆర్-జెడ్, టెనెరే మూడింటికీ ముందు 21, వెనక 18 అంగుళాలు. 21 అంగుళాల ట్యూబును అవసరానికి 18 వెనక చక్రంలో మడత పడకుండా సర్ది వేసి ఊరు చేరవచ్చు. కాబట్టి ఆరుగురికి 21వి మూడు, 18వి రెండు చాలు. కేఎల్ఆర్ వెనక చక్రం 17. అలాంటి బండి ఒక్కటి ఉన్నా దాని ట్యూబు దాని యజమానే మోయాలి, వేరేవాళ్ల స్పేరు మీద ఆశ పెట్టుకోకూడదు.

గాలి: 140-145 కిలోల తరగతి బండ్లకు ముందు 16, వెనక 16-18 పీఎస్‌ఐ. 200 కిలోలు దాటిన టెనెరేకు సామానుతో కలిపి 22-25. మెత్తగా ఉంటే పట్టు బాగుంటుందని 12కి దించినవాళ్లే నలిగిన పంక్చర్లు తెచ్చుకుంటారు. రిమ్ లాక్ (టైరు జారకుండా రిమ్‌కు బిగించి పట్టేది) లేని బండికి ఇంకో ముప్పు ఉంది. టైరు రిమ్ మీద జారుతూ ట్యూబును లాగుతుంది, వాల్వు మొదలు చిరుగుతుంది. అది అతికేది కాదు. అందుకే వాల్వు నట్టును రిమ్‌కు బిగించకుండా పైకి, మూత దాకా తిప్పి ఉంచాలి. వాల్వు ఓ పక్కకు ఒరిగినట్టు కనిపిస్తే టైరు జారుతోందని అర్థం.

ప్యాచ్ అతికించే సొల్యూషన్ ట్యూబు ఒకసారి తెరిస్తే వచ్చే సీజన్‌కు ఎండిపోతుంది. చిన్న ట్యూబులు నాలుగు, మూత తెరవనివి పెట్టుకోండి. రాశాక ఐదు నిమిషాలైనా ఆరనివ్వాలి. వేలికి కాస్త జిగురుగా తగిలి అంటుకోకపోతేనే ప్యాచ్ వేయాలి. తొందరపడి తడి మీద వేసిన ప్యాచ్ 20 కి.మీ. లోపే ఊడుతుంది. అక్కడి ఎర్ర దుమ్ము మెత్తగా పిండిలా ఉంటుంది. ట్యూబును నేల మీద కాక బ్యాగు పైనో జాకెట్ పైనో పరిచి అతికించాలి.

టైరులో గాలి నింపే 16 గ్రాముల గ్యాస్ గుళికలు రెండో సీజన్‌కే వదిలేశాం. మోటారు సైకిల్ వెనక టైరుకు మూడు నాలుగు కావాలి, టైరు అంచు సరిగా కూర్చోకపోతే మళ్లీ అన్ని ఖర్చు. బ్యాటరీకి తగిలించే చిన్న కరెంటు పంపు ఇంజిన్ ఆన్‌లో ఉండగా నాలుగైదు నిమిషాల్లో పని ముగిస్తుంది. పంపు తీగలో ఫ్యూజు ఉందా, దానికి స్పేరు ఉందా చూసుకోండి. గుంపుకు రెండు పంపులు, వేర్వేరు బండ్ల మీద. పేర్లు రాసి పంచకపోతే గుంపులో గోవిందా అయిపోతుంది. పంపు ఎవరో ఒకరు తెచ్చే ఉంటారని ఆరుగురూ అనుకుంటారు.

నీళ్లు, వాన

ఉద్యానం వాళ్లు మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు చెబుతారు. కవచాలు తొడుక్కుని ఇసుకలో బండి లేపుతూ ఉంటే ఎండ రోజుల్లో 5 లీటర్లకు తక్కువ లెక్క వేయకూడదు. వీపు మీద 3 లీటర్ల సంచి, మిగతాది బ్యాగుల్లో. గ్రీన్ నది నీళ్లు వడకట్టి తాగవచ్చని నమ్ముకోవద్దు. ఒండ్రు ఎక్కువ, ఫిల్టర్ ఒకటి రెండు లీటర్లకే మూసుకుపోతుంది. గిన్నెలో పట్టి రాత్రంతా తేరనిస్తే కొంత నయం.

జూలై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు ఉరుముల వానలు. తల మీద ఎండగానే ఉంటుంది, ఎగువన ఎక్కడో కురిసిన వానకు పొడి వాగు నిమిషాల్లో నిండుతుంది. వాగులో బండ్లు ఆపి భోజనం చేయకూడదు. పారే వాగు దాటే ప్రయత్నమూ వద్దు, కొన్ని గంటలు ఆగితే తగ్గుతుంది. బంకమట్టి ఉన్నచోట తడిస్తే టైరు గాడులన్నీ పూడి, ముందు మడ్‌గార్డు కింద మట్టి ఇరుక్కుని చక్రమే తిరగదు. అప్పుడు తోయడం వృథా, ఆరేదాకా కూర్చోవడమే.

ఉపగ్రహ మెసెంజర్, రేడియోలు

మోయాబ్ దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడలేం. ఇరిడియం ఉపగ్రహాలతో పనిచేసే మెసెంజర్ రెండు సీజన్ల పాటు ఒక్కటే ఉండేది, ఇప్పుడు రెండు. ఒకటి ముందు మనిషి దగ్గర, ఒకటి చివరి మనిషి దగ్గర. ఒక్కటే ఉంటే ప్రమాదం జరిగేది అది లేనివైపే. గోడల మధ్య ఆకాశం సన్నగా కనిపించేచోట ఒక్క మెసేజ్ పోవడానికి పావుగంట పడుతుంది. విశాలమైన చోటికి నడిచి, బండి ట్యాంకు మీద పెట్టి కదపకుండా వదిలేస్తే త్వరగా పోతుంది. జేబులో పెట్టుకుంటే వస్తువు తప్పు కాకపోయినా పనికిరాదు. చేతి రేడియోలు ఎదురెదురుగా కనిపిస్తేనే వినిపిస్తాయి, బండరాయి అడ్డొస్తే నిశ్శబ్దం. మేం వాటిని మోయడం మానేశాం.

వాటికి బదులు ఉచితమైన పద్ధతి ఒకటుంది. ప్రతి మనిషీ తన వెనకవాడి లైటు చూసుకోవాలి. చీలిక వచ్చినచోట (లాథ్రప్, వైట్ క్రాక్, టేలర్ కాన్యన్ మలుపుల దగ్గర) వెనకవాడు కనిపించేదాకా కదలకూడదు. ఇది పాటించకపోతే ఎవరికి వారే యమునా తీరే. దుమ్ము వల్ల బండికీ బండికీ మధ్య పెద్ద దూరం తప్పదు, గాలి లేని రోజు అర కి.మీ. అయినా ఉంటుంది. నెమ్మది మనిషిని చివర పెట్టకండి, రెండో స్థానంలో పెట్టండి. చివర అనుభవం ఉన్నవాడు, పనిముట్లతో.

మిగతావి

గట్టి అల్యూమినియం పెట్టెలు వద్దు, పడితే కాలు వాటి కింద నలుగుతుంది. మెత్తటి బ్యాగులే. క్లచ్, బ్రేక్ లివర్లు స్పేరు పెట్టుకోండి. లివర్ బ్రాకెట్టు కాస్త వదులుగా బిగిస్తే పడినప్పుడు విరగకుండా తిరుగుతుంది. చైన్ లింకు రెండు. క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ పరుగు దిక్కుకు ఉండాలి. ఇంజిన్ కేసుకు చిల్లు పడితే స్టీలు ఎపాక్సీ జిగురు పనిచేస్తుంది, కానీ నూనె పూర్తిగా తుడవాలి, రాత్రంతా గట్టిపడనివ్వాలి. రెండు రోజుల రైడ్‌కు, నూనె పట్టించి జిప్ సంచిలో పెట్టిన స్పేరు ఎయిర్ ఫిల్టర్ ఒకటి. వెనక వరుసలో నడిచే బండ్లకు రెండో ఉదయం మార్చాలి. ర్యాకు బోల్టులు వదులు కాకుండా నీలం రంగు లాకింగ్ ద్రవం, స్పోక్‌లకు మొదటి రాత్రే ఒకసారి తట్టి చూడటం.

లాగడానికి 6 మీటర్ల చదును పట్టీ. ముందు బండి ఎడమ ఫుట్‌రెస్ట్‌కు కట్టి, వెనక బండి కుడి ఫుట్‌రెస్ట్ చుట్టూ ఒక చుట్టు తిప్పి, కొసను ఆ రైడరు బూటు కింద తొక్కి పట్టాలి. కాలు ఎత్తితే పట్టీ జారిపోతుంది. వెనక బండికి ముడి వేస్తే ముందువాడు పడ్డప్పుడు ఇద్దరూ పడతారు. ఇంట్లో ఖాళీ స్థలంలో ఒకసారి చేసి చూసినవాళ్లకే షేఫర్ మలుపుల మీద ఇది చేతనవుతుంది.