వెల్లుల్లి పూతకాడలు: సీసాలోకా, పొయ్యి మీదికా?

వెల్లుల్లి పూతకాడలు ఓ కట్ట చేతికొచ్చిందంటే చాలు, అడిగేది ఒకటే ప్రశ్న: ఊరబెడితే మంచిదా, వేపుకుంటే మంచిదా? ఇన్నాళ్లూ ‘రెండూ బాగుంటాయి, మీ ఇష్టం’ అని తప్పించుకున్నాను. మొన్న కిలోన్నర కాడలు ఒక్కసారే వచ్చిపడ్డాక నాకే తేల్చుకోక తప్పలేదు.

చాలామంది ఈ లెక్క రుచితో మొదలుపెడతారు, లేదంటే ఎన్నాళ్లు నిల్వ ఉంటుందన్న దానితో. నా లెక్కలో రెండూ తర్వాతి సంగతులు. ముందు చూడాల్సింది కాడ ఎంత లేతగా ఉందన్నదే. మొక్క మధ్యలోంచి వచ్చే పూతకాడ మొదట నిటారుగా లేచి, తర్వాత ఉంగరంలా ఒక చుట్టు తిరుగుతుంది. కోయాల్సింది అప్పుడే. ఇంకొన్నాళ్లు వదిలేస్తే చుట్టు విప్పుకుని మళ్లీ నిటారుగా నిలబడుతుంది. ఆపాటికి లోపల పీచు కట్టేసి ఉంటుంది. కోసి తెచ్చాక కూడా కోత పడిన చివర ముందుగా ఎండి ముదురుతుంది. ఇక మొగ్గ, దాని పైన సన్నగా సాగిన ముక్కులాంటి కొస ఎంత లేత కాడకైనా పీచే. దాన్ని తీసి పారేయడమే.

లేతదో కాదో తేల్చుకోవడానికి కత్తి అక్కర్లేదు. కోత చివర నుంచి వంచుతూ పైకి రండి. ఎక్కడ పుటుక్కున విరిగితే అక్కణ్ణుంచి లేత. వంగి నలిగిందే తప్ప విరగలేదంటే అది ముదురు.

ఇప్పుడు అందరూ చేసే పొరపాటు చెబుతాను. నేనూ చేశాను కాబట్టి ధైర్యంగానే చెప్పొచ్చు. లేత కాడలు చూడగానే నోరూరి బాణలిలో వేసేస్తాం. మిగిలిపోయి రెండు వారాలు ఫ్రిజ్‌లో పడున్న ముదురు కాడల్ని ‘వెనిగర్లో నానితే అవే మెత్తబడతాయిలే’ అని సీసాలో పెడతాం. పోయినసారి నేను అలా రెండు సీసాలు పెట్టాను. మూడు వారాల తర్వాత మూత తీస్తే నీళ్లు అమృతం, కాడలు మాత్రం పురికొస. నమిలి నమిలి చివరికి పీచు ఉమ్మేయాల్సి వచ్చింది.

ఎందుకంటే వెనిగర్ పీచుని మెత్తబరచదు. పులుపులో ఉడికే కూరగాయ త్వరగా మెత్తబడదన్నది వంట చేసేవాళ్లందరికీ తెలిసిందే. సీసాలోనూ అదే జరుగుతుంది. కాడ ఎలా ఉంటే అలాగే పట్టి ఉంచుతుంది పులుపు: లేతదైతే దాని కరకర నెలల తరబడి నిలుస్తుంది, ముదురుదైతే దాని పీచూ అంతే నిలుస్తుంది. పొయ్యి అలా కాదు, కాస్త దయ చూపిస్తుంది. వేడికి కణాల మధ్య పట్టు సడలుతుంది. పీచు కరగకపోయినా, కాడని అడ్డంగా అర సెంటీమీటరు ముక్కలుగా తరిగితే పోగులు పొట్టివైపోయి నోటికి తెలియవు. ఊరగాయలో పొడుగు ముక్కలు పెడితేనే అందం, అందుకే అక్కడ ఆ వెసులుబాటు ఉండదు.

కాబట్టి నా వరస మామూలుగా చేసేదానికి తలకిందులు. అతి లేతవి సీసాకి, నడిమివి బాణలికి, మొండివి మిక్సీకి.

సీసాకి అనుకున్నాక ఇంకో తేల్చుకోవాల్సింది ఉంది: వెనిగరా, ఉప్పునీళ్లా? నేను వెనిగర్ పక్షం. 5 శాతం ఆమ్లత ఉన్న వెనిగర్, నీళ్లు సమపాళ్లలో తీసుకుంటాను. అరలీటరు ద్రవానికి అయోడిన్ కలపని ఉప్పు ఒక పెద్ద చెంచా, పంచదార ఒక చిన్న చెంచా. కాడల్ని సీసా ఎత్తుకి కోసి నిలువునా బిగించి, ఈ ద్రవం మరిగించి పోయడమే. ద్రవాన్ని చల్లార్చి పోస్తే కరకర ఇంకాస్త ఎక్కువ, ఘాటు దిగడానికి మాత్రం రోజులు పడుతుంది. ఎలా పోసినా పచ్చరంగు వారం లోపే మాసిన ఆలివ్ రంగులోకి తిరుగుతుంది. పులుపు తగిలిన ఆకుపచ్చ ఏదైనా అంతే, చెడిపోయిందని పారబోయకండి. పక్కన రెండు వెల్లుల్లి రెబ్బలు కూడా వేస్తే అవి ఒక్కోసారి నీలంగా మారతాయి. మొదటిసారి చూసినప్పుడు నేనూ హడలిపోయాను. రెబ్బలోని గంధకపు పదార్థాలు పులుపులో చేసే గారడీ అది, తినడానికి ఇబ్బందేమీ లేదు. వారం ఆగితే తినొచ్చు, మూడు వారాలకి అసలు రుచి. ఇది ఫ్రిజ్‌లో ఉండాల్సిన ఊరగాయ. అలమరలో పెట్టి నెలల తరబడి ఉంచాలంటే ఆ పనికని పరీక్షించిన పాళ్లు, మరిగే నీళ్లలో సీసాలు ఉంచే పద్ధతి కావాలి. ఈ కొలతలు దానికి పనికిరావు.

ఉప్పునీళ్లలో పులియబెట్టినదాని రుచి లోతు వెనిగర్‌కి రాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాడలు, నీళ్లు కలిపి తూచి కిలోకి 25 గ్రాముల ఉప్పు వేసి, ముక్కలు పైకి తేలకుండా బరువు పెడితే రెండు మూడు రోజుల్లో బుడగలు మొదలవుతాయి. కానీ ఈ పద్ధతికి 20 డిగ్రీల చుట్టుపక్కల చల్లదనం కావాలి. వంటగది 30 దాటితే పులుపు తొందరపడుతుంది, కాడ మెత్తబడిపోతుంది. నేను అంత కష్టపడి ఏరిన లేత కరకర అక్కడే పోతుంది. పైన తెల్లటి పల్చని పొర కడితే తీసేస్తే సరిపోతుంది. నూగులా పెరిగి రంగు తేలిన బూజు పడితే మాత్రం మొహమాటపడకుండా మొత్తం పారేయాలి.

ఇక బాణలి. ఘాటు భయం ఉన్నవాళ్లకి ఇదే దారి. పచ్చి కాడని కోయగానే అందులోని ఎంజైమ్ పనిచేసి ఘాటు పుడుతుంది. వేడి ఆ ఎంజైమ్‌ని చంపేస్తుంది కాబట్టి వేగిన కాడ తియ్యగా, లేత చిక్కుడుకాయకి వెల్లుల్లి వాసన పట్టించినట్టు ఉంటుంది. బాణలి బాగా కాలాక కొంచెం నూనె, తడి లేని ముక్కలు, పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు. అక్కడక్కడా మచ్చలు పడాలి. మూత పెట్టొద్దు, పెడితే ఆవిరికి వాడి చప్పబడతాయి. ఉప్పు దించే ముందు వేస్తే నీరు వదలవు. ఇందులో తప్పు చేయడం కష్టం, అదే దీని గొప్ప. అయితే తినాల్సింది ఆ పూటే. మర్నాటికి ఆ వాసన ఉండదు.

మధ్యలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: ‘వెనిగర్ ఎందుకు, నూనె పోసి ఉంచేస్తే పోలా?’ పచ్చి కాడల్ని, పచ్చి వెల్లుల్లిని ఉత్త నూనెలో ముంచి బయట ఉంచకండి. పులుపు లేక, గాలి తగలని చోట బొటులిజం (ప్రాణం మీదికి తెచ్చే ఆహార విషబాధ) కలిగించే బ్యాక్టీరియా విషం తయారుచేయగలదు. వాసనలో గానీ రంగులో గానీ ఏమీ తెలియకపోవచ్చు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో చాలామంది జబ్బుపడింది నూనెలో నిల్వచేసిన తరిగిన వెల్లుల్లి వల్లే. పీహెచ్ (పులుపు కొలత, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే తక్కువగా ఉంటే ఆ బ్యాక్టీరియా పెరగలేదు, వెనిగర్ చేసే పెద్ద ఉపకారం అదే. నూనె రుచి కావాలంటే చిన్న మోతాదులో కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజుల్లో అవగొట్టండి. అంతకు మించి కావాలంటే ఫ్రీజర్‌లో.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సోయా సాస్, వెనిగర్ కలిపి పోసినది బాగుంటుంది, కానీ సోయా రుచే మిగిలి కాడ రుచి వెనక్కి పోతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టేస్తే కరకర పోతుంది, ఉడికే వాటిలో వేసుకోవడానికి మాత్రం పనికొస్తుంది. రెండు సంచుల్లో కట్టండి, లేకపోతే ఫ్రీజరంతా వెల్లుల్లి కంపే. మొండి కాడల్ని నూనె, గింజలతో రుబ్బి ముద్ద చేసుకోవచ్చు. రుబ్బే ముందు మరిగే నీళ్లలో అరనిమిషం ముంచితే ఘాటు కాస్త లొంగుతుంది. ఇదీ నూనె సరుకే కాబట్టి ఫ్రీజర్‌లోకే.

నా కిలోన్నరలో పుటుక్కున విరిగినవి అరకిలో మించలేదు. అవి మూడు సీసాలయ్యాయి. ఎనిమిది వందల గ్రాముల దాకా రెండు రోజుల్లో బాణలికెక్కాయి, మిగిలింది ముద్దయింది. మొదటి సీసా పదకొండో రోజే ఖాళీ. అందులో మిగిలిన వెనిగర్‌ని చూసి మళ్లీ కొత్త కాడలు అందులోనే వేద్దామన్న ఆశ పుట్టింది గానీ వేయలేదు. కాడల్లోని నీరు దిగి పులుపు అప్పటికే పలచబడి ఉంటుంది. దాన్ని ఉడికించిన బంగాళాదుంపల మీద చల్లుకుని తినేశాం.