టెక్సస్ వైద్య గంజాయి పథకం: అయిదేళ్లు వాడాక నా అనుభవం

ముందు మందు సంగతి చెబుతాను. పథకం సంగతి ఆ తర్వాత. రెండింటికీ కలిపి మార్కులు వేస్తే మందుకు అన్యాయం జరుగుతుంది.

నాకు 2017లో మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీద ఉండే పొరను మన ఒంటి రక్షణ కణాలే దెబ్బతీసే జబ్బు ఇది. నా విషయంలో అది ఎక్కువగా కాళ్ల మీద పడింది. పగలు నడక కాస్త బరువుగా ఉంటుంది, ఎలాగో నెట్టుకొస్తాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఎడమ పిక్క, తొడ వెనక కండరం బిగుసుకుపోతాయి. పాదం దానంతట అదే కిందికి వంగిపోయి వేళ్లు ముడుచుకుంటాయి. మావారు లేచి రెండు చేతులతో పాదాన్ని పైకి వంచి పట్టుకుంటే పది నిమిషాలకు సడలుతుంది. గంటకో గంటన్నరకో మళ్లీ అదే వరస.

దీనికి డాక్టర్లు సాధారణంగా ముందు రాసేది బాక్లోఫెన్. అది పనిచేయదని నేను అనను. కానీ బిగుతు తగ్గేంత మోతాదు వేసుకుంటే మర్నాడు పదింటి దాకా తల దిమ్ముగా ఉండేది, కాళ్లలో పట్టు తప్పేది. మెట్లు దిగుతూ రెండుసార్లు పడ్డాను. రెండోసారి మా అబ్బాయి కళ్లముందే పడ్డాను. వాడికప్పుడు ఏడేళ్లు.

2021 ఏప్రిల్ నుంచి రాష్ట్రం అనుమతించిన గంజాయి మందు వాడుతున్నాను. ప్రస్తుతం రాత్రి భోజనమయ్యాక 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) ఉన్న గమ్మీ, అంటే జెల్లీ మిఠాయి లాంటిది, ఒకటి. బిగుతు పూర్తిగా పోలేదు గానీ రాత్రికి ఐదారు సార్లు లేచేదాన్ని ఇప్పుడు ఒకసారి, ఎప్పుడైనా రెండుసార్లు లేస్తున్నాను. బాక్లోఫెన్ మోతాదు సగానికి తగ్గింది. నోరు ఎండిపోతుంది, కొన్ని ఉదయాలు కాస్త మత్తుగా ఉంటుంది. పాదాల తిమ్మిరికి దీనివల్ల ఏ ఉపయోగమూ లేదు, జబ్బును ఇది ఆపదు. అలా ఆపుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. నాకు ఇచ్చింది నిద్ర. నాలుగేళ్లు సరిగ్గా నిద్ర లేని మనిషికి అది ఎంతో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇక పథకం.

టెక్సస్‌లో ఈ చట్టం 2015లో వచ్చింది. అప్పుడు మొండి మూర్ఛరోగానికి మాత్రమే. అదీ టీహెచ్‌సీ బరువులో 0.5 శాతం మించకూడదు, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. రోగుల చేతికి మొదటి సీసా వచ్చేసరికి 2018 అయింది. నా జబ్బును జాబితాలో చేర్చింది 2019లో. ఇక్కడి చట్టసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో మాత్రమే, 140 రోజులు కూర్చుంటుంది. ఆ 140 రోజుల్లో బిల్లు గట్టెక్కకపోతే రోగి ఇంకో రెండేళ్లు ఆగాలి. 2023లో అదే జరిగింది. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లను కూడా చేర్చే బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గింది, సెనేట్‌లో చర్చకే రాలేదు. మా సహాయక బృందంలో వెన్నెముక శస్త్రచికిత్స అయిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆ మే నెలాఖరున ఆయన ఫోనులో ఏమీ మాట్లాడలేకపోయారు.

2019లో అర్హత వచ్చినా నేను వెంటనే చేరలేదు. ఇది మన వాళ్లు తప్పక తెలుసుకోవలసిన విషయం కాబట్టి వివరంగా రాస్తున్నాను. రాష్ట్రం అనుమతించినా కేంద్ర చట్టం దృష్టిలో అప్పటికి గంజాయి నిషిద్ధ పదార్థమే. 1970 నాటి చట్టం దాన్ని హెరాయిన్‌తో పాటు మొదటి జాబితాలో పెట్టింది. పౌరసత్వ, వలస సేవల శాఖ 2019 ఏప్రిల్‌లో ఒక మార్గదర్శకం ఇచ్చింది. రాష్ట్ర చట్టం ప్రకారం సరైనదే అయినా గంజాయికి సంబంధించిన పని పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు కావచ్చని దాని సారాంశం. నేనప్పుడు గ్రీన్ కార్డు మీద ఉన్నాను, దరఖాస్తు పెట్టబోతున్నాను. వలస లాయరు సలహా ఒక్క వాక్యంలో ముగిసింది: ప్రమాణం చేసేదాకా ముట్టుకోవద్దు. 2021 ఫిబ్రవరిలో ప్రమాణం చేశాను. అంటే మందు ఉందని తెలిసి, నాకు అర్హత ఉందని తెలిసి, దాదాపు ఏడాదిన్నర పాటు రాత్రులు మేలుకొని గడిపాను. హెచ్1బీ మీద ఉన్నవాళ్లూ, గ్రీన్ కార్డు వరుసలో ఉన్నవాళ్లూ డాక్టరు దగ్గరకు వెళ్లేముందే వలస లాయరును అడగండి. ఈ పథకం మీకు ఆ రక్షణ ఇవ్వదు.

డాక్టరు సంగతి కూడా సులువు కాదు. రాష్ట్రం దగ్గర పేరు నమోదు చేసుకున్న వైద్యులే ఈ మందు రాయాలి. నా నరాల డాక్టరు నమోదు కాలేదు. ఎనిమిదేళ్లుగా నా స్కానులన్నీ చూసిన ఆవిడ ఈ మందు నాకు పనికొస్తోందని స్వయంగా ఒప్పుకుంటారు, కానీ రాయలేరు. రాసేది వీడియోలో ఏడాదికి ఒకటి రెండుసార్లు పావుగంట కనిపించే మరో డాక్టరు. ఆ ఫీజుకు గానీ మందుకు గానీ బీమా ఒక్క సెంటు ఇవ్వదు. బ్రిటన్‌లో సరిగ్గా ఈ జబ్బుతో వచ్చే కండరాల బిగుతుకే సాటివెక్స్ అనే నోటి స్ప్రేకు 2010లోనే అనుమతి వచ్చింది. గంజాయి మొక్క నుంచే తీసిన మందు అది. అక్కడ నాలాంటి మనిషి తన సొంత నరాల డాక్టరుతోనే దాని గురించి మాట్లాడవచ్చు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మాత్రం మోతాదు లెక్క. 0.5 శాతం అంటే ఒక గ్రాము నూనెలో 5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ. నాకు 10 కావాలి, కాబట్టి రెండు గ్రాముల నూనె. డ్రాపరు రెండుసార్లు నిండుగా పిండాలి. నాలుక కింద ఉంచుకోమంటారు, అంత నూనె అక్కడ నిలవదు, గొంతులోకి జారిపోతుంది. పడుకునేముందు రోజూ అంత నూనె తాగితే పొట్ట తిప్పేది. అర్ధరాత్రి పిక్క సడలిందని సంతోషించేలోపే బాత్రూముకు పరుగు. మందు వల్ల కాదు ఆ బాధ, అది కలిపిన నూనె వల్ల. శాతం పెట్టింది నన్ను చూసే డాక్టరు కాదు, చట్టసభ. 2021 సెప్టెంబరులో 1 శాతానికి పెంచాక నూనె సగమైంది, పొట్ట కుదుటపడింది. మందు అదే, మనిషినీ నేనే, మారింది చట్టంలో ఒక అంకె. ఆ అంకె కోసం అయిదు నెలలు వాంతులు ఆపుకున్నాను.

తెచ్చుకోవడం ఇంకో కథ. ముప్ఫై మిలియన్ల జనాభా ఉన్న రాష్ట్రానికి చాలాకాలం మూడే మూడు లైసెన్సులు. 2025 దాకా మందును ప్రధాన కేంద్రంలో తప్ప మరెక్కడా రాత్రిపూట ఉంచకూడదన్న నిబంధన ఉండేది. నేను ఉండేది డాలస్ ఉత్తర శివారులో, నేను వాడే సంస్థ ప్రధాన కేంద్రం ఆస్టిన్ దగ్గర. మందు పొద్దున వ్యానులో దాదాపు 200 మైళ్లు వచ్చి, ఎవరూ తీసుకోనిది సాయంత్రం మళ్లీ 200 మైళ్లు వెనక్కి పోవాలి. 2022 ఆగస్టులో ఒకరోజు ఆఫీసు నుంచి బయల్దేరి ట్రాఫిక్‌లో ఇరుక్కుని పది నిమిషాలు ఆలస్యంగా చేరాను. బయట ఒక కుర్రాడు డబ్బాలు వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. నా పేరు చెప్పాను. కంప్యూటర్ మూసేశామనీ, ఇవన్నీ ఈ రాత్రే తిరిగి చేరాలనీ చెప్పాడు. అతని తప్పు ఏమీ లేదు, అతని ముఖంలోనూ ఇబ్బంది కనిపించింది. నా పేరు అంటించిన కాగితపు సంచి పైనే కనిపిస్తోంది, చెయ్యి చాపితే అందుతుంది. మళ్లీ ఆ కేంద్రం తెరిచేది నాలుగు రోజుల తర్వాత. ఆ నాలుగు రాత్రులూ మావారు నా పాదం పట్టుకుని కూర్చున్నారు.

ఆ కేంద్రం ఉన్న షాపుల వరుసలోనే, నాలుగు తలుపుల అవతల, రంగురంగుల దీపాలతో ఒక హెంప్ (టీహెచ్‌సీ తక్కువగా ఉండే గంజాయి రకం) దుకాణం ఉంది. 2019లో హెంప్‌ను అనుమతిస్తూ చేసిన చట్టం ప్రకారం టీహెచ్‌సీ బరువులో 0.3 శాతం లోపు ఉంటే చాలు. నాలుగు గ్రాముల మిఠాయిలో 0.3 శాతమంటే 12 మిల్లీగ్రాములు, నా మందుకన్నా ఎక్కువ. అక్కడ డాక్టరు అక్కర్లేదు, చీటీ అక్కర్లేదు, జబ్బే అక్కర్లేదు. 2025 దాకా రాష్ట్ర చట్టంలో వయసు పరిమితి కూడా లేదు. వాటిని నిషేధించే బిల్లు 2025లో రెండు సభలూ దాటితే జూన్‌లో గవర్నరు తిరస్కరించారు. ఆ దుకాణాలు మూయాలని నేను కోరడం లేదు. జబ్బు రుజువు చేసుకుని, పేరు నమోదు చేయించుకుని, చట్టాన్ని అక్షరాలా పాటించినవాళ్లకే ఇన్ని తలుపులు ఎందుకు మూశారని అడుగుతున్నాను. మా బృందంలో ఇద్దరు విసిగిపోయి పథకం మానేసి అక్కడే కొంటున్నారు. అందులో ఏముందో వాళ్లకు తెలియదు. నా సీసా మీద ప్రతి మిల్లీగ్రామూ రాసి ఉంటుంది. నేను వదలకపోవడానికి కారణం అదొక్కటే.

గంటన్నర కారులో వెళ్తే రెడ్ రివర్ దాటి ఓక్లహోమా. అక్కడ 2018లో ప్రజలు ఓటు వేసి తెచ్చుకున్న చట్టంలో జబ్బుల జాబితాయే లేదు, ఏది అవసరమో డాక్టరే నిర్ణయిస్తారు. ఆ సౌకర్యం ప్రధానంగా అక్కడ స్థిరపడినవాళ్లకు. అక్కడి నుంచి ఎవరైనా తెచ్చిస్తామన్నా ఒప్పుకోకండి. హెంప్ పరిమితి మించిన టీహెచ్‌సీ నూనె పథకం బయట ఒక గ్రాము లోపు దొరికినా టెక్సస్‌లో అది జైలుశిక్ష పడగల పెద్ద నేరం.

2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన హౌస్ బిల్లు 46 చాలా సరిచేసింది, అది ఒప్పుకోవాలి. శాతం లెక్క పోయి మోతాదుకు 10 మిల్లీగ్రాముల లెక్క వచ్చింది. దీర్ఘకాలిక నొప్పి, క్రోన్స్ వ్యాధి, తలకు బలమైన గాయం జాబితాలో చేరాయి. లైసెన్సులు 15 దాకా ఇవ్వవచ్చు, ఇతర ఊళ్లలోనూ మందు నిలవ ఉంచవచ్చు. ఆ వార్త వచ్చిన రోజు మొదట వెన్నెముక పెద్దాయనకే ఫోను చేశాను. నాకు ముఖ్యమైనది పీల్చే మందు. గమ్మీ పనిచేయడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది, కండరం పట్టేసేది ఆ క్షణంలో. పీల్చేది నిమిషాల్లో పనిచేస్తుంది. చట్టం ఇప్పుడు దాన్ని ఒప్పుకుంటోంది. ఇది రాసేనాటికి నా చేతికి ఇంకా రాలేదు, ప్రతి వారం అడుగుతూనే ఉన్నాను.

మా అమ్మకు ఈ మందు పేరు తెలియదు. తెనాలిలో పొద్దున్నే పేపరు తెరిస్తే ఆవిడకు కనిపించేది మన్యం నుంచి వస్తున్న లారీలో గంజాయి పట్టివేత. ఆ మాట కూతురి నోట వింటే ఆవిడ తట్టుకోలేదు. "రాత్రికి ఏం మందు వేసుకుంటున్నావమ్మా?" అని అడిగితే "ఆకు మందు, నిద్ర కోసం" అంటాను. అబద్ధం కాదు, నిజమూ కాదు.

వచ్చే నెల నాన్నగారి సంవత్సరీకానికి వెళ్తున్నాం, మూడు వారాలు. ఇక్కడి చీటీ మన దేశంలో చెల్లదు, విమానంలో తీసుకెళ్లడం నేరం. గమ్మీల డబ్బా అల్మారా పై అరలో పెట్టి తాళం వేశాను. సూట్‌కేసులో ఆరు బాక్లోఫెన్ స్ట్రిప్పులు పెట్టుకున్నాను. తెనాలి ఇంట్లో పడకగది మేడ మీద ఉంది. ఈసారి కింద వరండా గదిలో మంచం వేయించమని తమ్ముడికి చెప్పాను.